కాళ్ళు కుర్రాడివి, కాగితం ఎవరిది?

ఈసారి కొంచెం పెద్ద పోస్టే. ఓపిగ్గా చదవండి. ఇంట్లో ఆటలాడే పిల్లలుంటే వాళ్ళ చేత కూడా చదివించండి.

ఫుట్‌బాల్ ఆటగాడు ఒక క్లబ్బుకు ఆడతాడు, క్లబ్బు జీతం ఇస్తుంది. ఇంతవరకూ సరే. ఈ ఇద్దరూ కాకుండా మూడో మనిషి ఎవరో వచ్చి "ఈ కుర్రాడిలో నాకు వాటా ఉంది" అనొచ్చా? దీని మీద పెద్ద పెద్ద క్లబ్బులే కోర్టుల దాకా వెళ్ళాయి. దరియాలతిప్పలో మాత్రం ఇది అర్థం కావడానికి లాయరు అక్కర్లేదు. వలకో ఇంజనుకో సావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడి సంగతి మనకు తెలిసిందే. వరదనీటికి ఎదురీదుకుంటూ వచ్చిన పులస వలలో పడినా, దాన్ని నలుగురి ముందు వేలం పెట్టుకునే వీలుండదు. చేప ఆ సావుకారుకే వెయ్యాలి, ధర ఆయన చెప్పిందే. రెక్కల కష్టం మనది, బేరం ఆయనది.

మనం 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉన్నవాళ్ళం కాబట్టి ఫ్రాన్సు నుంచే మొదలుపెడదాం. 1962 ఆగస్టు 16న యానాం చట్టప్రకారం భారతదేశంలో కలిసింది. ఆ మరుసటి ఏడే, 1963లో, రేమండ్ కోపా అనే ఫ్రెంచి ఆటగాడు "మేం బానిసలం" అన్న అర్థంలో పత్రికకెక్కాడు. ఆయన చిన్నతనంలో బొగ్గు గనిలో పనిచేసి వేలు పోగొట్టుకున్నవాడు, 1958లో యూరప్ ఉత్తమ ఆటగాడిగా బంగారు బంతి అందుకున్నవాడు. ఆ మాట ఎందుకన్నాడంటే, అప్పట్లో అక్కడ సంతకం చేసిన ఆటగాడు 35 ఏళ్ళు వచ్చేదాకా ఆ క్లబ్బు మనిషే. క్లబ్బు ఒప్పుకోకపోతే కదలడానికి లేదు. అంత పేరున్న మనిషికి కూడా ఆ మాటకు ఆరు నెలల సస్పెన్షన్ వేశారు, అమలు మాత్రం ఆపి ఉంచారు. 1968 మే నెలలో ఆటగాళ్ళు పారిస్‌లోని ఫుట్‌బాల్ సమాఖ్య ఆఫీసునే ఆక్రమించుకున్నారు. 1969లో గడువున్న ఒప్పందాలు వచ్చాయి. 1995 డిసెంబర్ 15న బోస్మన్ కేసులో యూరప్ న్యాయస్థానం, ఒప్పందం ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లో మరో క్లబ్బుకు వెళ్తుంటే పాత క్లబ్బు డబ్బు అడగకూడదని తేల్చింది.

క్లబ్బు పట్టు ఇలా సడలుతున్న కాలంలోనే పెట్టుబడిదారుల పట్టు పెరిగింది. బ్రెజిల్, అర్జెంటీనా, పోర్చుగల్‌లలో ఇది బాగా నడిచింది. డబ్బులేని క్లబ్బుకు ఒక కంపెనీ సొమ్ము ఇస్తుంది. బదులుగా ఆ కుర్రాణ్ణి రేపు ఎవరికైనా అమ్మితే వచ్చే డబ్బులో, మాటకి 40 శాతం, తనదని రాయించుకుంటుంది. కుర్రాడు ఉన్నచోటే ఉంటే కంపెనీకి పైసా రాదు. అందుకని వాణ్ణి కదిలించాలనే చూస్తుంది, వాడికి అక్కడ బాగున్నా సరే.

2006 ఆగస్టు 31న కార్లోస్ తేవెజ్, హవియర్ మస్చెరానో అనే అర్జెంటీనా ఆటగాళ్ళు ఇంగ్లండ్‌లోని వెస్ట్ హామ్ క్లబ్బులో చేరారు. వాళ్ళ మీద హక్కులు బయటి కంపెనీల చేతిలో ఉన్నాయి, క్లబ్బు ఆ ఒప్పందాలను దాచింది. 2007 ఏప్రిల్‌లో 55 లక్షల పౌండ్ల జరిమానా పడింది, పాయింట్లు మాత్రం కొయ్యలేదు. సీజన్ ఆఖరి మ్యాచ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మీద తేవెజే గోల్ కొట్టాడు. వెస్ట్ హామ్ నిలబడింది, షెఫీల్డ్ యునైటెడ్ కింది లీగుకు పడిపోయింది. షెఫీల్డ్ వాళ్ళు పోరాడి చివరికి 2009లో పరిహారం రాబట్టుకున్నారు గానీ పోయిన స్థానం తిరిగి రాలేదు. 2015 మే 1 నుంచి ఫిఫా ఇలాంటి వాటాలను ప్రపంచమంతటా నిషేధించింది.

ఇక మన తెలుగు నేల. హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ హబీబ్ 1966లో కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. తర్వాత మోహన్ బగాన్‌కు, మహమ్మడన్ స్పోర్టింగ్‌కు కూడా ఆడాడు. 1977లో పేలే ఆడిన కాస్మోస్ జట్టు మీద గోల్ కొట్టినవాడు. ఆ రోజుల్లో కలకత్తాలో బదిలీల సీజన్ వస్తే, సంతకం అయ్యేదాకా ఆటగాణ్ణి అవతలి క్లబ్బువాళ్ళ కంటపడకుండా దాచేసేవారు. మనిషి ఎవరి ఇంట్లో ఉంటే సంతకం వాళ్ళది.

కాగితాలన్నీ పక్కాగా ఉన్న రోజుల్లోనూ కష్టం తప్పలేదు. 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. రెండేళ్ళు తిరగకుండానే జీతాల బకాయిలతో ఫిఫా కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా ఆపింది, ఉన్నవాళ్ళు చాలామంది సీజన్ మధ్యలోనే వెళ్ళిపోయారు, 2023-24లో జట్టు అట్టడుగున నిలిచింది. అయితే ఆటగాడికి ఇప్పుడు ఒక దారి ఉంది. రెండు నెలల జీతం ఎగ్గొడితే, రాతపూర్వకంగా 15 రోజుల గడువిచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే ఒప్పందం తెంచుకోవచ్చని ఫిఫా నియమం. కోపా కాలంలో ఇది ఊహకు కూడా అందదు.

ఇదంతా మనకెందుకంటారా? రేపు మన తిప్ప కుర్రాడికి కూడా అకాడమీ పేరుతోనో ఏజెంటు పేరుతోనో కాగితం రావచ్చు. ఇవి గుర్తుంచుకోండి. 18 ఏళ్ళు నిండని పిల్లాడి సంతకం మన కాంట్రాక్టు చట్టంలో చెల్లదు. ఫిఫా నియమాల్లో కూడా మైనరు ఒప్పందం మూడేళ్ళు దాటకూడదు. ఆట నేర్పిన క్లబ్బుకు న్యాయమైన వాటా ఎలాగూ ఉంది. 12 నుంచి 23 ఏళ్ళ మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు, తర్వాతి అంతర్జాతీయ బదిలీ సొమ్ములో 5 శాతం పంచాలి. అది క్లబ్బులకే. "పిల్లాడి భవిష్యత్తు సంపాదనలోనో, అమ్మకంలోనో ఇంత శాతం నాది" అని విడి మనిషి ఎవరైనా రాయించుకోబోతే అక్కడే ఆగండి. బూట్లు కొనిపెట్టాడనో, రైలు టికెట్టు తీశాడనో మొహమాటపడకండి. ఆ సాయం అప్పయితే అప్పుగా తీర్చేద్దాం, కావాలంటే మన సంఘమే చందా వేస్తుంది.

కాగితం ఏ భాషలో ఉన్నా సరే, సంతకానికి ముందు సంఘం దగ్గరికి తీసుకురండి. కూర్చుని ప్రతి లైనూ చదువుదాం, అర్థం కాకపోతే వకీలుకు చూపిద్దాం. ఒక రోజు ఆలస్యమైతే నష్టం లేదు. ఒక్కరోజు కూడా ఆగనంటే, ఆ కాగితంలో ఏదో ఉన్నట్టే.