ఇసుక పలక - అద్దపు పలక



మన వీధిబడులలో అయ్యవారు పిల్లవాని వ్రేలు పట్టి ఇసుకలో ఓనమాలు దిద్దించెడి ఆచారము మీ యెఱిగినదే. ఆ యిసుకయే యొకప్పుడు సముద్రములు దాటి ఇంగ్లండు బడులకు దారి చూపినది. ఆ కథను నేడు మనవి చేసెదను.

ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతాచార్యుడు 1787లో మన దేశమునకు వచ్చెను. 1789లో చెన్నపట్టణపు ఎగ్మూరున సైనికుల అనాథ బాలురకై వెలసిన శరణాలయమునకు పర్యవేక్షకుడయ్యెను. ఒకనాడు ఆయన గుఱ్ఱమెక్కి పోవుచు, దేశీయుల బడిలో పిల్లలు నేలపై గూర్చుండి ఇసుకలో వ్రేళ్లతో అక్షరములు వ్రాయుట చూచెను. కాగితము కొననక్కఱలేదు; తప్పు వచ్చినచో అఱచేతితో చెఱిపివేయవచ్చును. తన బడిలోను అట్లే చేయింపుడని ఉపాధ్యాయులను గోరగా, వారు సాధ్యము కాదనిరి. అప్పు డాయన జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునకు ఆ పని నొప్పగించెను. పెద్దలు కాదన్న పనిని ఆ బాలుడు చేసి చూపెను. అంతట బడి యంతయు పిల్లలు పిల్లలకు నేర్పు క్రమమున నడచెను.

బెల్ స్వదేశము చేరి 1797లో ఈ విధానమును లండనున ప్రకటించెను. దానికి మద్రాసు పద్ధతి యనియే పేరు. 1811లో పేదల విద్యకై అచట నేర్పడిన జాతీయ సంఘము దానిని గైకొనెను. అయితే వల్లించుటయే చదువైపోవుటచే దానిపై ఆక్షేపణలును గలిగెను. 1846 నుండి శిక్షణయు భృతియు గల శిష్యోపాధ్యాయులు అచట వచ్చిరి.

ఈ చరిత్రను తరగతిలో ముప్పదియేండ్లు చెప్పితిని గాని, ఆ మద్రాసు ఉపాధ్యాయుల సంకట మెట్టిదో 2020 వఱకు నాకు దెలియదు. ఆ యేడు మార్చి 25న దేశమంతటను ఇండ్లు కదలరాదని యాజ్ఞ వచ్చెను. కళాశాల మూతపడెను. పాఠములు ఫోనులో చెప్పుమనిరి. మొదటినాడు నలువది నిమిషములు మాటాడితిని. తుదకు ఒక విద్యార్థిని, "అయ్యా, తమ మాట మాకు వినబడలేదు" అని వ్రాసెను. మీట నొక్కుట మఱచితిని! సిగ్గుపడితిని గాని, ఆ బాలికయే మఱునాడు ఓపికతో నాకు నేర్పెను.

పనిముట్టు చేతికి వచ్చినను పాఠము కుదురలేదు. గంటసేపు చెప్పదగిన విషయమును ఫోనులో వినుట పిల్లలకు దుర్భరము. కావున ఏడాది పాఠ్యక్రమమును చిన్న భాగములుగా విడదీసి, ఒక్కొక్కదానికి ఒక్క ప్రశ్న చేర్చితిని. అంతకన్న పెద్ద చిక్కొకటి గలదు. కొందఱి యింట ఫోను లేదు. కొందఱి యింట నున్న యొక్కటియు తండ్రితో పొలమునకు పోవును. ఆంక్షలు సడలిన పిమ్మట, ఊరి కొక విద్యార్థిని నియమించి, విన్నదానిని వ్రాసి తక్కినవారికి వినిపింపుమంటిని. ఇది ఫ్రిస్కెను చేసిన పనియే గదా! అందును కొందఱు తప్పిపోయిరి. వారి ఖాళీ జవాబు పత్రములు నేటికిని నన్ను బాధించును.

పెద్దలారా, కొత్త పనిముట్టును చూచి గురువు తడబడుట కొత్త గాదు, తప్పును గాదు. చిన్నవారి నడిగి నేర్చుకొననొల్లకుండుటయే తప్పు. మీ యూర చదువుకొను పిల్ల యింట ఫోను లేకున్నచో, ఉన్న యింటి యరుగుపై ఆమెకు గంటసేపు చోటిప్పింపుడు. ఒకనాటి మన బడు లా యరుగులమీదనే గదా నడచినవి!