పక్షుల ఫొటోగ్రఫీ: లెన్సు కంటే ముందు గూడు

పక్షుల ఫొటోగ్రఫీ చరిత్రను రాసేవాళ్ళు తరచుగా దాన్ని లెన్సుల చరిత్రగానే రాస్తారు. 1891లో లండన్‌లో థామస్ డాల్‌మేయర్ టెలిఫొటో లెన్సుకు పేటెంటు తీసుకున్నాడు, లెన్సు శక్తి పెరిగిన కొద్దీ దూరాన ఉన్న పిట్ట దగ్గరకొచ్చింది, ఇప్పుడు 600 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాం అని చెబుతారు. వినడానికి సాఫీగా ఉంటుంది. కానీ పాత ఫొటోలనూ, అవి తీసినవాళ్ళు రాసిన పుస్తకాలనూ ఎదురుగా పెట్టుకుంటే ఈ కథ నిలబడదు. మొదటి ఎనభై ఏళ్ళ పాటు పక్షిని కెమెరా ముందుకు తెచ్చింది ఎక్కువగా దాని గూడే.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1884లో జర్మన్ ఫొటోగ్రాఫర్ ఒటోమార్ ఆన్షుట్జ్ ఎగిరే కొంగలను తీశాడు. 1892లో ఇంగ్లండుకు చెందిన కియర్టన్ సోదరులు గుడ్లున్న గూటిని ఫొటో తీశారు. 1895లో వాళ్ళ ‘బ్రిటిష్ బర్డ్స్ నెస్ట్స్’ వెలువడింది. అదే ఏడాది ఆర్.బి. లాడ్జ్ గూటి మీదున్న తీతువును తీశాడు. వీటిలో ఆన్షుట్జ్ బొమ్మలు టెలిఫొటో పేటెంటుకు ఏడేళ్ళ ముందువి. మిగిలినవన్నీ గూటి దగ్గరివే. కియర్టన్లు ఆ తర్వాత బోలు ఎద్దు బొమ్మ ఒకటి చేయించి, దాని కడుపులో కూర్చుని ఫొటోలు తీశారు. పొడుగు లెన్సు సమస్యను తీర్చేసి ఉంటే అంత అవస్థ ఎందుకు పడతారు?

సమస్య ఎక్కడుందో లెక్క వేసి చూడొచ్చు. పదిహేను సెంటీమీటర్ల పిచ్చుక పది మీటర్ల దూరంలో ఉందనుకుందాం. 300 మిల్లీమీటర్ల లెన్సుతో తీస్తే ఫిల్ము మీద దాని బొమ్మ సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు వస్తుంది. అదే పిచ్చుకకు ఒకటిన్నర మీటర్ల దూరంలో కూర్చుని మామూలు 150 మిల్లీమీటర్ల లెన్సు వాడితే పదహారు మిల్లీమీటర్లు దాటుతుంది. ఇక వెలుతురు సంగతి. 1961లో వచ్చిన కోడాక్రోమ్ 2 ఫిల్ము వేగం ఇప్పటి ఐఎస్ఓ లెక్కలో 25. మండుటెండలో f/8 దగ్గర దానికి సెకనులో నూరో వంతు కావాలి. ఎగిరే పిట్ట రెక్క నిలవాలంటే వెయ్యో వంతైనా ఉండాలి. పొడుగు లెన్సు చేతిలో పట్టుకుంటే వచ్చే వణుకు ఇందుకు అదనం. కాబట్టి ఆ రోజుల్లో ఫొటోగ్రాఫరుకు కావలసింది దగ్గరగా, కదలకుండా, తిరిగి తిరిగి ఒకే చోటికి వచ్చే పక్షి. అలాంటి చోటు గూడు తప్ప వేరే ఏముంది?

అందుకే హైడ్ పుట్టింది. గూటికి దూరంగా చిన్న గుడారం వేసి, పక్షి అలవాటు పడేకొద్దీ రోజూ కాస్త కాస్త ముందుకు జరిపేవాళ్ళు. లోపలికి ఇద్దరు వెళ్ళి ఒకరు బయటికొచ్చి నడిచి పోతే, గుడారం ఖాళీ అయిందనుకుని పక్షి గూటికి తిరిగొచ్చేది. బొమ్మకు అడ్డొచ్చే కొమ్మలను తాళ్ళతో వెనక్కి కట్టేవాళ్ళు, కొందరు నరికేసేవాళ్ళు. కట్టిన కొమ్మను మళ్ళీ యథాస్థానంలో పెట్టకపోతే పిల్లల మీద ఎండ పడుతుంది, కాకి కన్ను పడుతుంది. ఎరిక్ హోస్కింగ్ లాంటి బ్రిటిష్ పక్షి ఫొటోగ్రఫీ దిగ్గజం కూడా ఈ పద్ధతిలోనే పనిచేశాడు. 1937లో ఓ గుడ్లగూబ గూటి దగ్గర దాని గోళ్ళకు ఒక కన్ను పోగొట్టుకున్నాడు.

పక్షిని కెమెరా ముందుకు తెచ్చింది గూడే అన్న మాటకు మన దేశంలో సాక్ష్యం ఇంకా స్పష్టంగా ఉంది. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేసినప్పుడు ప్రధాన సాధనం తుపాకీ. చర్మాలు సేకరించి పోల్చి చూడడమే అప్పటి శాస్త్ర పద్ధతి. కెమెరా పట్టినవాళ్ళు గూటిని ఆశ్రయించారు. ఆర్.ఎస్.పి. బేట్స్, ఇ.హెచ్.ఎన్. లోథర్ కలిసి 1952లో వెలువరించిన కాశ్మీర్ పుస్తకం పేరే ‘బ్రీడింగ్ బర్డ్స్ ఆఫ్ కాశ్మీర్’. సలీం అలీ మిత్రుడు, సింగపూర్‌కు చెందిన లోక్ వాన్ థో ఫొటోలు ఎంత అందమైనవో చూసినవారికి తెలుసు. ఆయన పేరు తెచ్చుకున్నదీ ఎక్కువగా గూటి దగ్గరి చిత్రాలతోనే.

అయితే గూడే సర్వస్వం అనలేను. నేలపట్టులో గూడబాతులు, వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు మనుషుల ఎదుటే గూళ్ళు కడతాయి. అక్కడ హైడ్ అవసరం తక్కువ. నీటిపక్షుల గుంపులను పొడుగు లెన్సుతో తీసినవాళ్ళు ఆ కాలంలోనూ ఉన్నారు. మద్రాసుకు చెందిన ఎం. కృష్ణన్ తన కెమెరాను తానే అతుకులతో తయారు చేసుకుని, గుడారానికి కట్టుబడకుండా అడవిలో తిరిగి నలుపు తెలుపులో తీశాడు. ఈ మినహాయింపులు కూడా ఒక సంగతి చెబుతాయి: పక్షి అలవాట్లు తెలిసినవాడికే ఫొటో దక్కేది.

కలివికోడి సంగతి చూడండి. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న ఈ పక్షి 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ గాలింపులో, అది రాత్రి పొదల్లో తిరుగుతుందని ఎరిగిన స్థానిక పిట్టలవేటగాడి చేతికి చిక్కింది. తర్వాత పరిశోధకులు మెత్తని మట్టి పట్టీలు పరిచి పాదముద్రలు చూశారు, దారిలో కెమెరా ట్రాపులు పెట్టారు. ఈ కథలో ఎక్కడా పొడుగు లెన్సుకు పాత్ర లేదు.

మరి లెన్సు రోజులు ఎప్పుడొచ్చాయి? నా లెక్కలో ఫొటోగ్రఫీ డిజిటల్ అయ్యాకే. 1985 నుంచి ఆటోఫోకస్, 1990లలో వణుకును సరిచేసే లెన్సులు, 1999లో నికాన్ డీ1 వచ్చాయి. వీటన్నిటి కంటే సెన్సారు సున్నితత్వమే ముఖ్యం. ఐఎస్ఓ 1600 దగ్గర అదే ఎండలో, అదే f/8లో సెకనులో ఆరు వేల నాలుగు వందలో వంతు దొరుకుతుంది. 600 మిల్లీమీటర్ల లెన్సుకు అప్పుడే అసలు ఉపయోగం వచ్చింది. పక్షిని గూటి నుంచి విడిపించింది ఈ సున్నితత్వమే.

ఈ విడుదలను నేను మనసారా ఆహ్వానిస్తాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షి గూటినీ గుడ్లనూ చెదరగొట్టడాన్ని వేట నిర్వచనంలోనే చేర్చింది. పాత పద్ధతిని సమర్థించడానికి ఇక సాకు లేదు. అయినా ఇప్పటి ఫొటోలు నన్ను పూర్తిగా మెప్పించలేకపోతున్నాయి. వెనక మసక, ముందు కన్ను మెరిసే పక్షి. అది ఏ చెట్టు మీదుందో, ఏం తింటోందో, ఏ కాలమో తెలియదు. అంతకంటే బాధ కలిగించేది, ఒక అరుదైన పక్షి కనబడిందంటే పొడుగు లెన్సులు గుంపుగా మూగడం, ఫోన్‌లో దాని కూత మోగించి బయటికి రప్పించడం. గూటి జోలికి వెళ్ళకపోయినా, గూడు కట్టే వేళలో పదే పదే కూత వినిపిస్తే పక్షి మేత మాని ప్రత్యర్థిని వెతుక్కుంటుంది. చట్టం వద్దన్న పనినే లెన్సు దూరం నుంచి చేస్తున్నాం.

పక్షి బొమ్మలు అచ్చువేసే సంపాదకులకూ, పోటీలు నడిపేవారికీ ఒక విన్నపం. బొమ్మ కింద లెన్సు సంఖ్యలు వేస్తున్నారు. వాటితోపాటు నెల, పరిసరం, పక్షి అప్పుడేం చేస్తోంది అన్నదీ వేయండి. అరుదైన పక్షి అయితే ఊరి పేరు మాత్రం వేయకండి. గూటి బొమ్మలను, కూత పెట్టి రప్పించి తీసిన బొమ్మలను తీసుకోకండి.