తలుపు స్పీకర్ మూగబోతే తప్పు డ్రైవర్‌దేనా?

మేం కువైట్ ఆఫీసుల్లో కాగితాలు రాసుకునే గుమాస్తాలం, మెకానిక్కులం కాము. అయినా కబ్ద్ వైపు పనిచేసే మన డ్రైవర్ల నోట తరచూ వినే మాట ఒకటుంది: "బండి తలుపులో స్పీకర్ పలకడం లేదు. నువ్వే పాడుచేశావు, జీతంలో పట్టుకుంటాం అంటున్నారు." ఆ స్పీకర్ ఎందుకు మూగబోతుందో దాని చరిత్ర చూస్తే తెలుస్తుంది.

కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో ఆయిర్‌స్టెడ్ చూపించాడు. మనం బడిలో చదువుకున్న పాఠమే ఇది. ఆ సూత్రంతోనే 1915లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జెన్సెన్, ప్రిడమ్ అనే ఇద్దరు మ్యాగ్నవాక్స్ అనే లౌడ్ స్పీకర్ చేశారు. 1925లో రైస్, కెల్లాగ్ అనే ఇంజనీర్లు దాన్ని కాగితపు గరాటుతో తీర్చిదిద్దారు. అయస్కాంతం, రాగి తీగ చుట్ట, దానికి అంటించిన గరాటు: ఈనాటి కారు స్పీకర్‌లోనూ ముఖ్యంగా ఉండేవి ఈ మూడే.

1930లో గాల్విన్ కంపెనీ మోటరోలా పేరుతో కారు రేడియో అమ్మింది. ఆ కాలపు కారుకు ఒక్క స్పీకరే ఉండేది. 1963లో ఫిలిప్స్ క్యాసెట్ తెచ్చింది. ఊరి నుంచి వచ్చేవాళ్ళు తెచ్చే పాటల క్యాసెట్లు గల్ఫ్‌లో మనవాళ్ళకు ఎంత తోడో పాతవాళ్ళకు తెలుసు. స్టీరియో వచ్చాక కుడి ఎడమలకు వేరువేరు స్పీకర్లు కావలసి వచ్చాయి. అలా స్పీకర్లు తలుపుల్లోకి చేరాయి.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. డ్యాష్‌బోర్డు కదలదు, తలుపు కదులుతుంది. స్పీకర్ తీగలు బందుల దగ్గర ఉండే రబ్బరు గొట్టం గుండా వెళ్తాయి. తలుపు తీసిన ప్రతిసారీ అవి వంగుతాయి. కొన్నేళ్ళకు పైతొడుగు బాగానే ఉన్నా లోపలి రాగి తెగుతుంది. కబ్ద్‌లో ఉన్నవి గుర్రాల శాలలు, గొర్రెల ఒంటెల జాఖూర్లు. గేటు గేటుకూ బండి ఆపి దిగాలి, పైగా దుమ్ము. ఇక ఎండంటారా, 2016 జూలై 21న ఇదే దేశంలోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అంత వేడికి రబ్బరు, అంటింపులు గట్టిపడి పగులుతాయి. ఇది అరుగుదల, అల్లరి కాదు.

కొత్త స్పీకర్ కొనేముందు వరసగా ఇవి చూడండి.

మొదట సెట్‌లో బ్యాలెన్స్, ఫేడర్ మధ్యలో ఉన్నాయా? మిగతా తలుపులు పలుకుతుంటే ఫ్యూజు పోయి ఉండే అవకాశం తక్కువ.

పాట పెట్టి తలుపును మెల్లగా ఆడించండి. శబ్దం వస్తూ పోతూ ఉంటే తీగే తెగింది. మెకానిక్ దాన్ని టంకం వేసి అతుకుతాడు.

అప్పటికీ తెలియకపోతే యజమాని అనుమతితోనే తలుపు ప్యానెల్ విప్పండి. కొన్ని బండ్ల తలుపుల్లో ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ ఉంటుంది కాబట్టి ముందు తాళం తీసి, బ్యాటరీ మైనస్ తీగ విప్పాలి. స్పీకర్ ప్లగ్గు ఊడదీసి, దాని రెండు కొనలకు గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్‌ను ఒక్క క్షణం తాకించండి. టక్‌మని గరాటు కదిలితే చుట్ట బాగానే ఉంది, లోపం తీగలోనో సెట్‌లోనో వెతకాలి. కదలకపోతే చుట్ట కాలిందో, తెగిందో, ఇరుక్కుపోయిందో. మీటర్ ఉంటే 4 ఓముల స్పీకర్ 3 నుంచి 4 మధ్య చూపాలి. గరగరలాడితే దుమ్ము చేరిందనో, గరాటు చినిగిందనో అనుమానించాలి. సెట్ నుంచి వచ్చే స్పీకర్ తీగలను మాత్రం బండి బాడీకి తాకనివ్వకండి, సెట్ కాలిపోవచ్చు.

డ్రైవర్ సోదరులకు మా మనవి ఒక్కటే. ఈ పరీక్ష యజమాని ఎదుటే చేయించండి. అతుకు వేస్తే పోయే దానికి నెల జీతంలోంచి కొత్త స్పీకర్ ఖరీదు ఇచ్చుకోనక్కర్లేదు. ఆ డబ్బు కోసం ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళున్నారు.