ఏ356: అల్యూమినియం పోత మిశ్రమలోహం

అల్యూమినియంలో సుమారు 7 శాతం సిలికాన్, అర శాతం లోపు మెగ్నీషియం కలిపి పోత పోయడానికి తయారుచేసే మిశ్రమలోహం ఏ356. కార్ల అల్లాయ్ వీల్స్‌లో ఎక్కువ భాగం దీనితో పోసినవే. పంపుల భాగాలు, ఇంజన్ల సిలిండర్ హెడ్లు, విమాన విడిభాగాలు కూడా దీనితో పోస్తారు. బ్రిటిష్ ప్రమాణాల్లో దీనికి దగ్గరిది ఎల్‌ఎం25. మన ఫౌండ్రీల్లో ఆ పేరు ఇప్పటికీ బాగా చెల్లుతుంది.

సిలవరు గిన్నెలకు వాడే దాదాపు శుద్ధమైన అల్యూమినియం రేకుగా చక్కగా సాగుతుంది, పోతకు మాత్రం మొండికేస్తుంది. అచ్చులో సన్నని సందుల్లోకి సులువుగా పారదు. గట్టిపడేటప్పుడు ఎక్కువగా కుంచించుకుపోయి బీటలు వారుతుంది. సిలికాన్ ఈ రెండు చిక్కులనూ తగ్గిస్తుంది. 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే లోహంలో సుమారు 12.6 శాతం సిలికాన్ చేరితే అది 577 డిగ్రీలకే కరుగుతుంది. ఏ356లో సిలికాన్ అంతకంటే తక్కువ కాబట్టి అది సుమారు 615 నుంచి 555 డిగ్రీల మధ్య క్రమంగా గట్టిపడుతుంది.

ఈ సంగతి తెలిసినా సిలికాన్‌కు చాలాకాలం ఆదరణ దక్కలేదు. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ విద్యుత్తుతో అల్యూమినియం తీసే పద్ధతిని విడివిడిగా కనిపెట్టాక లోహం చౌక అయింది. తొలి పోతల్లో దానికి తోడు రాగి. 1903లో రైట్ సోదరుల విమానపు ఇంజన్ క్రాంక్‌కేసును సుమారు 8 శాతం రాగి ఉన్న అల్యూమినియంతోనే పోశారు. రాగి బలాన్ని ఇచ్చింది కానీ బరువు పెంచింది, తుప్పును తట్టుకునే గుణాన్ని తగ్గించింది. ఇక సిలికాన్ వేస్తే అది గట్టిపడేటప్పుడు ముతక పలకలుగా పేరుకునేది. దెబ్బ తగిలినప్పుడు పోత ఆ పలకల వెంబడే విరిగేది.

హంగరీలో పుట్టి అమెరికాలో పనిచేసిన అలాదర్ పాచ్ 1920లో దీనికి మందు కనిపెట్టాడు. కరిగిన లోహంలో సోడియం లవణాలు వేస్తే పలకల బదులు సన్నని పోగుల్లాంటి నిర్మాణం ఏర్పడింది. ఆయనకు 1921లో పేటెంట్ వచ్చింది. పోత అల్యూమినియం చరిత్రలో ఇంతకంటే పెద్ద మలుపు మరొకటి కనిపించదు. సోడియం కరిగిన లోహంలో ఎక్కువసేపు నిలవదు. అందుకే తర్వాతి కాలంలో చాలాచోట్ల దాని స్థానంలో స్ట్రాన్షియం వచ్చింది. వేయాల్సింది శాతంలో వందో వంతు అటూ ఇటూ మాత్రమే.

మెగ్నీషియం పని వేరు. కొన్ని అల్యూమినియం మిశ్రమాలు వేడిచేసి చల్లార్చాక రోజులు గడిచేకొద్దీ గట్టిపడతాయని జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ 1906లో గమనించాడు. ఏ356లో ఆ పని చేసేది మెగ్నీషియం, సిలికాన్ కలిసిన అతి సూక్ష్మ కణాలు. పోతను 540 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి నీళ్లలో ముంచుతారు. తర్వాత 155 డిగ్రీల ప్రాంతంలో మళ్లీ వేడిచేస్తారు. ఈ ఉష్ణోపచారం పేరు టీ6. దీని తర్వాత లోహపు అచ్చులో పోసిన పోత తన్యబలం 260 మెగాపాస్కల్స్ దాటుతుంది. ఘనసెంటీమీటరు బరువు 2.68 గ్రాములు, అంటే ఉక్కులో దాదాపు మూడో వంతు.

తెలుగు నేల మీద ఈ లోహానికి తెలిసిన చిరునామా విశాఖపట్నం. దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలిలో సినర్జీస్ కాస్టింగ్స్ దీనితో కార్ల చక్రాలు పోసి ఎగుమతి చేసింది. చక్రాలను సాధారణంగా అల్ప పీడన పద్ధతిలో పోస్తారు. కొలిమి కింద, అచ్చు పైన ఉంటాయి. కొద్దిపాటి గాలి ఒత్తిడితో లోహం గొట్టంలోంచి నెమ్మదిగా పైకెక్కుతుంది. సుడులు తిరగదు కాబట్టి ఆక్సైడ్ పొరలు లోపలికి చుట్టుకుపోవు. విశాఖ మన్యంలో బాక్సైట్ ఉంది, ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో తయారుచేసే అల్యూమినా విశాఖ ఓడరేవు నుంచే ఎగుమతి అవుతుంది. దాన్ని లోహంగా మార్చే ఆ సంస్థ స్మెల్టర్ మాత్రం ఒడిశాలోని అంగుల్‌లో ఉంది.

పోతకు ముందు లోహంలోంచి హైడ్రోజన్ వాయువును తీసేయాలి. గాలిలోని తేమ నుంచి చేరే ఈ వాయువు ద్రవంలో కరిగినంతగా గడ్డకట్టిన లోహంలో కరగదు. తేడా దాదాపు 20 రెట్లు. మిగిలిపోయిన వాయువు బుడగలై చిల్లులు చేస్తుంది. అందుకే ఆర్గాన్ లేదా నైట్రోజన్ ఊది దాన్ని బయటికి తెస్తారు.

అసలు శత్రువు ఇనుము. అది సూదుల్లాంటి పెళుసు స్ఫటికాలుగా మారి పోతను విరిచేస్తుంది. పాత 356 రకంలో 0.6 శాతం దాకా ఇనుమును ఒప్పుకునేవారు. ఏ356లో హద్దు 0.2 శాతం. ఖరీదైన శుద్ధ లోహంతో మొదలుపెట్టాల్సి వచ్చేది ఈ హద్దు వల్లనే.

పత్తికొండ లాంటి ఊళ్లలో పాత సామాన్లు కొనేవాళ్ల దగ్గర ఈ ఇనుము చిక్కు తేలికగా అర్థమవుతుంది. చిల్లుపడ్డ సిలవరు గిన్నెలు, బైకు ఇంజన్ కేసులు, విరిగిన చక్రాలు ఒకే కుప్పలో పడతాయి. గిన్నెల్లో సిలికాన్ దాదాపు ఉండదు. ఇంజన్ కేసుల్లో అది ఎక్కువ, పైగా బోల్టుల ఇనుమూ వెంట వస్తుంది. అన్నీ కలిపి కరిగిస్తే కొత్త లోహం తీయడానికయ్యే శక్తిలో సుమారు 5 శాతంతోనే పని అయిపోతుంది. కానీ కరిగిన లోహంలో చేరిన ఇనుమును మళ్లీ వేరుచేయడం చాలా కష్టం. ఆ కడ్డీలు నాసిరకం పోతలకు పోతాయి, చక్రాలకు పనికిరావు. వేరువేరుగా ఏరి అమ్మితే చక్రాల తునకలు మళ్లీ చక్రాల లోహంగానే తిరిగివస్తాయి.