ఒక్కో తరానికి ఒక్కో భయం
నేల మీది చాప నుంచి బేబీ కాట్ దాకా పసిబిడ్డ పడక కథ

ఖమ్మం నుంచి వైరా మీదుగా వచ్చే రోడ్డు తల్లాడలో చీలుతుంది. ఒక దారి కల్లూరు, సత్తుపల్లి దాటి రాజమండ్రి వైపు సాగిపోతుంది. ఇంకో దారి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం చేరి, అక్కడి నుంచి భద్రాచలం అడవుల్లోకి వెళ్తుంది. ఒక పక్క వరి, మిర్చి చేలు. ఇంకో పక్క పోయేకొద్దీ టేకు, వెదురు. పసిబిడ్డను పడుకోబెట్టే తీరులన్నీ ఈ రెండు దారుల మీదే కనబడతాయి. చేను గట్టున వేపకొమ్మకు కట్టిన చీర ఉయ్యాల, ఇంట్లో దూలానికి వేలాడే తొట్టె, వాకిట్లో నులక మంచం, ఫర్నిచర్ దుకాణం ముందు అట్టపెట్టెలో నిలబెట్టిన బేబీ కాట్.

ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన సౌకర్యాలని అనుకుంటాం. దగ్గరికెళ్లి చూస్తే ప్రతి పడకా ఏదో ఒక భయానికి పుట్టిన జవాబే. ఒక తరం తేలుకు భయపడింది. ఇంకో తరం దోమకు భయపడింది. మంచం మీంచి జారి పడతాడేమోనని మరో తరం బెంగపడింది. ఊపిరాడకపోవడం అనే ప్రమాదం ప్రపంచానికి సరిగ్గా అర్థమై నలభై ఏళ్లు కూడా కాలేదు.

నేల నుంచి పైకి

మట్టి ఇంట్లో, అలికిన నేల మీద ఈత చాప, దాని మీద పాత చీరలు కుట్టిన బొంత. పేదింటి బిడ్డకు తరతరాలుగా ఇదే పడక. గట్టిగా, చదునుగా ఉంటుంది కనుక పడుకోవడానికి మంచిదే. చిక్కంతా నేలతోనే. వానాకాలం చెమ్మ, చీమలు, తేళ్లు, వీటన్నిటినీ మించి కట్లపాము. రాత్రిపూట ఇళ్లలోకి వచ్చి, నేల మీద నిద్రపోయేవాళ్లను కాటేయడం దాని స్వభావం. కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. అడవి అంచు పల్లెల్లో ఇది కథ కాదు, అనుభవం.

అందుకే బిడ్డ పైకెక్కింది. ఇంటి దూలానికి తాళ్లతో వేలాడే తొట్టె వచ్చింది. కలిగిన ఇళ్లలో వడ్రంగి టేకుతో చేసి, కోళ్లకు చిత్తారు పట్టి, రంగులు వేసిన ఉయ్యాల. లేనివాళ్లకు మేదరులు వెదురుతో అల్లిన బుట్ట, అదీ లేకపోతే నాలుగు మూలలా కట్టిన చీర. అటు విశాఖ పక్క ఏటికొప్పాకలో లక్క పూత బొమ్మలు చేసే అంకుడు కర్ర, ఇటు కొండపల్లి బొమ్మల పొణికి కర్ర పిల్లల ఆటవస్తువుల్లోకి వెళ్లాయి. బరువు మోయాల్సిన ఉయ్యాలకు మాత్రం ఈ ప్రాంతంలో టేకే ఆధారం.

తొట్టెలో వేయడం పెద్ద వేడుక. పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో బారసాల చేసి, బిడ్డను తొలిసారి అందులో పడుకోబెట్టి, ముత్తయిదువలు పేరు పెట్టి పిలుస్తారు. తెలంగాణ ఇళ్లలో తొట్టెల పండుగ అంటే ఊరంతా భోజనాలే. దేవుడికీ ఉయ్యాల తప్పదు. భద్రాచలంలో ఫాల్గుణ పౌర్ణమి నాడు రామయ్యకు డోలోత్సవం చేసి, కల్యాణ తలంబ్రాలు కలిపే పని మొదలుపెడతారు. ఆడవాళ్లు ఉయ్యాల ఊపుతూ పాడుకున్న పాటలు 1950ల్లో బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద చేసిన పరిశోధనతో విశ్వవిద్యాలయం గడప తొక్కాయి.

ఇంత వేడుక వెనక పెద్ద భయం ఉండేది. తొట్టెలో వేసిన బిడ్డ ఏడాది నిండేదాకా బతుకుతుందన్న నమ్మకం లేదు. ముందు పుట్టినవాళ్లు పోతే, తర్వాత పుట్టినవాడిని పెంట మీదో ఎంగిలి విస్తరిలోనో ఒకసారి పడుకోబెట్టి తీసి, పెంటయ్య, పుల్లయ్య అని పేరు పెట్టేవారు. మృత్యువుకు ఆ బిడ్డ మీద ఆశ పుట్టకూడదని. 1971లో కూడా దేశంలో ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 129 మంది ఏడాది లోపే చనిపోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య దేశంలో 28కి, తెలంగాణలో 21కి దిగింది. ఇప్పుడు పేర్ల జాబితాలో పెంటయ్య అరుదుగా కనబడడానికి ఫ్యాషన్ ఒక్కటే కారణం కాదు.

చేను గట్టున

మిర్చి ఏరే రోజుల్లో ఖమ్మం జిల్లా చేలకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కూలీలు వస్తారు. తల్లితో పాటు చంటిబిడ్డా వస్తుంది. చెట్టుకొమ్మకు పాత నూలు చీర కట్టి, ఆ జోలెలో బిడ్డను వేసి, పెద్దపిల్లను కాపలా పెట్టి తల్లి సాలులోకి వెళ్తుంది. గాలి ఆడుతుంది, చీమలు పట్టవు, ఊపితే ఏడుపు ఆగుతుంది. పైసా ఖర్చు లేదు.

దీని లోపాలూ చెప్పుకోవాలి. గుడ్డ మధ్యలో గుంట పడుతుంది. నెలల బిడ్డకు మెడ నిలబడదు. ఆ గుంటలో వీపు వంగి, గడ్డం రొమ్ముకు ఆనితే శ్వాసనాళం నొక్కుకుపోతుంది. అనుభవం ఉన్న ఆడవాళ్లు పైన అడ్డకర్ర పెట్టి గుడ్డను విప్పారేలా చేసేది ఇందుకే. రెండో ప్రమాదం పెద్దపిల్లలకు. ఖాళీగా ఉన్న చీర ఉయ్యాలలో గిరగిరా తిరుగుతూ ఆడుకుంటుంటే గుడ్డ మెలిపడి మెడకు బిగుసుకుంటుంది. ఇలాంటి వార్తలు మన పత్రికల్లో తరచూ వస్తూనే ఉన్నాయి.

పనిచోట బిడ్డకు పడక ఉండాలని చట్టం చెప్పి ఏడు దశాబ్దాలు దాటింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్ ప్రకారం 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో శిశుసంరక్షణ గది ఉండాల్సి ఉండేది. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించారు. ఉపాధి హామీ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. పనిచోటికి చిన్నపిల్లలు ఐదుగురు, అంతకు మించి వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలంది. మిర్చి చేను ఈ రెండు చట్టాల కిందికీ రాలేదు. అక్కడ చీర ఉయ్యాల, పక్కన కాపలా ఉన్న పెద్దపిల్ల, ఇంతే ఏర్పాటు.

దోమ తెలిసిన తర్వాత

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. అడవి జ్వరానికి చెడుగాలి కారణమని అప్పటిదాకా అనుకున్న లోకానికి అసలు దొంగ దొరికాడు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా సోకేదని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. గోడలకు డీడీటీ చల్లారు. అయినా భద్రాచలం ఏజెన్సీని జ్వరం పూర్తిగా వదలలేదు. వాగులు, చెలమలు, వరిమడులు ఉన్నంతకాలం దోమ ఉంటుంది.

కాబట్టి ఈ ప్రాంతంలో బిడ్డ పడకకు దోమతెర అలంకారం కాదు, పడకలో భాగం. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లో సర్కారు దవాఖానాలో కాన్పు అయిన తల్లికి చీరలు, సబ్బులు, బిడ్డకు బట్టలతో పాటు దోమతెర ఉన్న చిన్న పరుపు కూడా ఇచ్చారు. మగబిడ్డ పుడితే 12,000, ఆడబిడ్డ పుడితే 13,000 రూపాయలు విడతలుగా అందేవి. చాలా ఇళ్లలో బిడ్డ కోసమే వచ్చిన కొత్త పడక అదొక్కటే.

పుట్టగానే పడక ఇచ్చే ఆలోచనలో ఫిన్లాండ్ మనకన్నా ముందుంది. 1938లో పేద తల్లుల కోసం మొదలైన పథకాన్ని 1949 నుంచి అందరికీ వర్తింపజేశారు. బట్టలు, దుప్పటి పెట్టి ఇచ్చే ఆ అట్టపెట్టె అడుగున చిన్న పరుపు ఉంటుంది. సామాను తీసేస్తే ఆ పెట్టే మంచం. లక్షల మంది ఫిన్లాండ్ పిల్లలు తొలి నెలలు అందులోనే నిద్రపోయారు. వాళ్ల భయం చలి, మన భయం దోమ. పెట్టెలోనూ కిట్‌లోనూ ఉన్నది మాత్రం ఒకటే, చదునైన చిన్న పరుపు.

భయం తప్పితే

భయాన్ని తప్పుగా పోల్చుకుంటే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి పాశ్చాత్య దేశాల్లో జరిగింది. తాగిన పాలు కక్కుకుని గొంతుకు అడ్డం పడతాయన్న అనుమానంతో అక్కడి పుస్తకాలు బిడ్డను బోర్లా పడుకోబెట్టమన్నాయి. కోట్ల ప్రతులు అమ్ముడైన డాక్టర్ స్పాక్ పుస్తకం 1956 నుంచి ఆ సలహానే ఇచ్చింది. ఇళ్లన్నీ దాన్నే పాటించాయి. రాత్రి బాగానే పడుకున్న బిడ్డ తెల్లారేసరికి ఊపిరి లేకుండా కనబడడం పెరిగింది.

బోర్లా పడుకున్న బిడ్డ ముఖం పరుపులో కూరుకుపోతుంది. వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. వెల్లకిలా పడుకున్న బిడ్డకు పాలు ఎగదన్నినా, ఆహారనాళం కింద, శ్వాసనాళం పైన ఉంటాయి కనుక గొంతుకు అడ్డం పడే ప్రమాదం పెరగదు. బ్రిటన్ 1991లో, అమెరికా 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టాయి. అమెరికాలో ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి. 1970 నాటికే ఉన్న ఆధారాలను సరిగ్గా చదివి ఉంటే బ్రిటన్‌లో పది వేలకు పైగా, యూరప్, అమెరికా, ఆస్ట్రలేషియాల్లో కనీసం 50,000 మంది శిశువులు బతికేవారని 2005లో ఒక పరిశోధన లెక్క తేల్చింది.

మన అమ్మమ్మలు పుస్తకం చదవకుండానే బిడ్డను వెల్లకిలా వేశారు. అలాగని మన పడకలన్నీ నిర్దోషులు కావు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, రెండు పక్కలా పెట్టే బొద్దు దిండ్లు, పొదిగి కప్పిన దుప్పటి, ఇవన్నీ ముఖానికి అడ్డం పడేవే. ఏడాది నిండేదాకా బిడ్డకు దిండు వద్దన్నది ఇప్పుడు వైద్యుల మాట. తల వెనక చదును కాకుండా ఉండాలంటే, మెలకువగా ఉన్నప్పుడు కళ్ల ముందు కాసేపు బోర్లా వేయాలి. మూడో భయం మరచిపోలేదు. మంచం మీంచి పడకుండా కమ్మీలు పెట్టింది దానికే. ఆ కమ్మీలు తెచ్చిన కొత్త ప్రమాదాలు చట్టాల దాకా వెళ్లాయి.

కమ్మీల కొలత

కమ్మీల మధ్య సందు ఎక్కువైతే బిడ్డ ఒళ్లు జారి బయటికి వస్తుంది, తల మాత్రం లోపలే ఇరుక్కుంటుంది. ఇలా పిల్లలు పోయాక 1973లో అమెరికా ఆ సందు ఆరు సెంటీమీటర్లు దాటకూడదని నిబంధన తెచ్చింది. కిందికి జారే పక్కతలుపు ఉన్న మంచాలను, ఆ తలుపు ఊడి సందు ఏర్పడుతోందని, 2011లో నిషేధించింది. కమ్మీలకు చుట్టూ కట్టే మెత్తటి గుడ్డ, వాలుగా ఉండే పడక కూడా 2022 చట్టంతో అక్కడ అమ్మకాల నుంచి పోయాయి. మన దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో మాత్రం ఆ మెత్తటి గుడ్డ సెట్టుగా దొరుకుతూనే ఉంది. ముచ్చటగా ఉంటుందని కొంటున్నాం.

కాబట్టి కాట్ కొనేవాళ్లు, వడ్రంగితో చేయించుకునేవాళ్లు కొన్నిటిని దుకాణంలోనే చూసుకోవాలి. కమ్మీల సందులో మామూలు కూల్‌డ్రింక్ డబ్బా దూరితే ఆ మంచం వద్దు. పరుపు గట్టిగా ఉండాలి, చేత్తో నొక్కి తీస్తే గుంట నిలవకూడదు. పరుపుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్లు పట్టే ఖాళీ ఉంటే ఆ పరుపు చిన్నది. మూలల్లో గుబ్బలు, చెక్కిన పూలు పైకి పొడుచుకు రాకూడదు. చొక్కా అంచు, మెడలోని తాయెత్తు దారం వాటికే చిక్కుకుంటాయి. దిష్టి పూసలైనా, తాయెత్తైనా నిద్రవేళ మెడలోంచి తీసేయాలి. పరుపును పైకీ కిందికీ మార్చే వీలుంటే, బిడ్డ కూర్చోవడం మొదలుపెట్టేలోపే కింది మెట్టుకు దించాలి.

పాత మంచానికి ఇంకో పరీక్ష ఉంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల్లో 90 వంతులు దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రంగు వేసిన తాతల నాటి ఉయ్యాల రంగు పెచ్చులూడుతుంటే, పళ్లు వచ్చే బిడ్డ నోటికి అందుతుంది. దాన్ని చూసి మురవండి, పడుకోబెట్టొద్దు. వేసవిలో పరుపు మీద ప్లాస్టిక్ షీటు వద్దు, నూలు గుడ్డ చాలు. మేలో ఖమ్మం, కొత్తగూడెం ఎండల్లో బిడ్డకు చలి భయం కన్నా ఉడుకు భయమే ఎక్కువ. ఫ్యాన్ తిప్పండి. తొలి ఆరు నెలలైనా మంచం తల్లి గదిలోనే ఉండాలి. కూలర్ వైరు, కర్టెన్ తాడు దానికి అందకూడదు.

కాట్ కొనలేని ఇంటికి కొరత ఏమీ లేదు. పెద్దల మంచం మీద కాకుండా, గట్టి చెక్క మంచం మీద విడిగా పలుచటి బొంత పరిచి, బిడ్డ కింద పడకుండా చుట్టూ కట్టడి చేసి, దోమతెరను బొంత కిందికి గట్టిగా దోపితే చాలు. నులక మంచం వద్దు, మధ్యలో గుంట పడుతుంది. తొట్టె, చీర ఉయ్యాల కళ్ల ముందు ఉన్నంతసేపే, అదీ బిడ్డ నిద్రలోకి జారేదాకా. నిద్ర పట్టాక తీసి చదునైన పడక మీద వేయాలి.

తేలు భయం పడకను పైకి లేపింది. దోమ భయం దాని చుట్టూ తెర కట్టింది. పడిపోయే భయం కమ్మీలు పెట్టింది. చివరి భయం మాత్రం లోపలిదంతా తీసేయమంది. అందుకే ఇవాళ పసిబిడ్డకు మంచి పడక అంటే గట్టి పరుపు, బిగుతు గుడ్డ, చుట్టూ దోమతెర, లోపల వెల్లకిలా బిడ్డ. ఇంకేమీ ఉండకూడదు. బంధువులు తెచ్చే దిండ్లు, బొమ్మలు, దుప్పట్లను ఏడాది నిండేదాకా అటక మీద పెట్టండి.