సారపాక ప్రాంతమున కండరాల క్షీణత బాలురు, వారి తల్లుల శ్రమ: కొలమానములపై నొక ఆక్షేపణ

కండరాల క్షీణత గల బాలుని సాకుట తల్లి కెంత భారమో ప్రశ్నావళితో తూచి అంకెలలో నిలుపవచ్చునను విశ్వాసము, ఈ విషయమున వెలువడుచున్న వ్యాసములలో పెక్కింటికి పునాదియై యున్నది. సారపాక పరిసర గ్రామములలో అట్టి యిండ్లను చూచిన పిమ్మట నాకు ఆ పునాది మీదనే అనుమానము కలిగినది.

ఈ మార్గమున ప్రమాణముగా చెల్లుచున్నది ఎరిక్ లాండ్‌ఫెల్ట్ బృందము 2014లో ప్రకటించిన పరిశోధన. జర్మనీ, ఇటలీ, బ్రిటన్, అమెరికాలలో డ్యూషేన్ అను రకపు కండరాల క్షీణత గల 770 కుటుంబములను విచారించి, సాకువారిలో 27 నుండి 49 శాతము వరకు పని గంటలు తగ్గించుకొనిరనియో, పనియే మానిరనియో వారు తేల్చిరి. ఆ అంకెలతో నాకు పేచీ లేదు. నా పేచీయెల్ల ఆ గంటతోనే. గంట కింత వెల యను లెక్క నెలజీతము వచ్చు కొంపకు కుదురును. సారపాక కాగితపు మిల్లులో పర్మినెంటు కొలువున్న యింట నది కొంత చెల్లుననుకొందము. మిల్లుగోడ కావల నున్న కూలి యిండ్లకు ఆ లెక్క నేరీతి నన్వయింతురు?

ఈ అడవిసీమలో స్త్రీల చేతికి రొక్కము వచ్చునది ముఖ్యముగా రెండు కాలములందు: మిరపకాయ లేరునప్పుడు, ఆ వెనుక తునికాకు సేకరించునప్పుడు. తునికాకునకు తెల్లవారకముందే అడవికి పోవలయును. కోసిన ఆకును ఏబదేసి చొప్పున కట్టలు గట్టి కల్లమునకు చేర్చవలయును. కొలది వారములలో ఆకు సీజను ముగిసిపోవును. ఆ డబ్బును నమ్ముకొనియే షావుకారువద్ద అప్పు పుట్టును. ఇక డ్యూషేన్ బాలుని సంగతి చూడుడు. అయిదారేండ్లకు మోకాళ్లపై చేతులానించి లేచుట మొదలిడును. పండ్రెండేండ్ల ప్రాయమునకు సాధారణముగా నడక యుడుగును. ఆపై మరుగుదొడ్డికి మోయవలసినదియు, తనంతట నొత్తిగిలలేడు గనుక రాత్రి పలుమార్లు లేచి ప్రక్క మార్చవలసినదియు తల్లియే. అట్టివాని నొంటిగా విడిచి తెల్లవారుజామున నడవికి పోజాలక యాగిన తల్లికి పోయినవి నాలుగు గంటలని వ్రాసికొన్న పరిశోధకుడు, ఆ యింటి సంవత్సరాదాయమునే కాగితముపై మాయము చేసినవాడగుచున్నాడు.

భారమును తూచు ప్రశ్నావళి పుట్టుక మరింత విచిత్రము. స్టీవెన్ జారిట్ ప్రభృతులు దానిని 1980లో కూర్చినది మతి చెడిన వృద్ధులను సాకువారి కొరకు. ఆ తొలి పరిశీలనలో పాల్గొన్న 29 మంది విషయమున తేలినదేమన, రోగి చేష్టలతో భారమునకు పొత్తు కానరాలేదు. తక్కిన కుటుంబమువారు రోగిని చూడ నెంత తరచుగా వచ్చిరన్నదానితోనే పొత్తు కనబడినది. మూలపురుషుడే యింత స్పష్టముగా చూపగా, తరువాతివారు 22 ప్రశ్నలుగా స్థిరపడిన ఆ పత్రమును చేబూని తల్లి నొక్కతెనే యడుగుచున్నారు! అత్తగారు గడపలో కూర్చుండి ఆలకించుచుండగా, బిడ్డవలన విసుగు కలుగుచున్నదా యని పరుడు ప్రశ్నించిన, “నా కొడుకు నాకు బరువా?” యనక యే తల్లి యేమనును? పైగా లోపము తల్లి క్రోమోజోము ద్వారా సంక్రమించునని డాక్టరు చెప్పిన మాట ఊరిలో నిందగా మారును. సుమారు మూడవ వంతు బాలురలో నా మార్పు తల్లినుండి గాక క్రొత్తగా బుట్టునని మాత్ర మెవ్వరును చెప్పరు. అట్లు నిందపడిన స్త్రీ విసుగు లేదని చెప్పినచో, భారము స్వల్పమని గుర్తు వేయుట శాస్త్రమగునా?

రాష్ట్రముల సరిహద్దు మాట యింతకంటె విశేషము. 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తమై, భద్రాచలము పట్టణము దప్ప చుట్టునున్న మండలములు, బూర్గంపాడు మండలములోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమున గలిసినవి. సారపాక తెలంగాణలో నిలిచినది. భద్రాచలమునకు కూతవేటు దూరముననున్న ఎటపాకలో, మంచమునకో చక్రాల కుర్చీకో పరిమితమైన కండరాల క్షీణత రోగికి 2024 నుండి నెలకు 15,000 రూపాయల పింఛను. 1965లో కట్టిన గోదావరి వంతెన దాటి సారపాక చేరినచో, వైకల్య నిర్ధారణ సర్టిఫికెట్టు ఎంత శాతము చూపినను, 2023లో పెంచిన వికలాంగుల పింఛను 4,016 రూపాయలే. జన్యువు ఒక్కటియే, నదియు నొక్కటియే. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రికి పోవలయునన్న రైలు కొరకు కొత్తగూడెముననున్న భద్రాచలం రోడ్ స్టేషనుదాక నలుబది కిలోమీటర్లు బిడ్డను మోసికొని పోవలసిన తల్లులు, వంతెన కీవలను కలరు, ఆవలను కలరు. చేతిలో రొక్కమున్నచో ఆ మోతకు ఆటో కుదురును.

వ్యాధి ముదిరిన కొలది శ్రమయు హెచ్చుననుట కాదనరానిది. అయినను ఆ శ్రమ భారమగుటయు కాకపోవుటయు, ఎత్తుటకు ఇంట నెన్ని చేతులున్నవి, సీజను దక్కెనా, పింఛను ఏ ప్రభుత్వమిచ్చుననువానినిబట్టి నిర్ణయమగుచున్నదని నా సిద్ధాంతము. ఇది సారపాకకే గాక తెలుగునాట ప్రతి ఏజెన్సీకిని, కూలిపై బ్రతుకు ప్రతి యింటికిని వర్తించును. బాలుని జీవననాణ్యతయు నిట్టిదే: బడి మానుటకు కారణము వానికాళ్లని వ్రాయుచున్నారు, బడిమెట్లపై మోయువారు లేరని వ్రాయుట లేదు. ఇకమీద ఈ సీమకు వచ్చు సర్వేదారుడు తల్లి మనస్సును తడవుటకు ముందు, మొన్నటి ఆకు కల్లమునకు ఆ యింటినుండి యెవరు పోయిరో, వెళ్లినవారు తిరిగివచ్చుదాక బిడ్డ నెవ్వ రెత్తిరో, ఇంటింట పేరుపేరున వ్రాసికొనవలయును.