క్లచ్ మార్చినా జారిన కారు

వెళ్లేటప్పుడు హాయిగా ఎక్కిన వంతెన, వచ్చేటప్పుడు ఎక్కనంటే ఆ కారుకు ఏం జబ్బు? రాజోలులో మా బావగారి టర్బో డీజిల్ బండిని రెండు వానాకాలాలు వేధించిన ప్రశ్న ఇది. పొద్దున్నే శివకోడు, దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లేది. ఏ ఇబ్బందీ ఉండేది కాదు. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు అదే వంతెన మీద టాప్ గేరులో ఇంజన్ గోల పెరిగేది, ఆర్‌పీఎం ముల్లు లేచేది, స్పీడు మాత్రం కదిలేది కాదు. క్లచ్ జారుతోందని డ్రైవింగ్ నేర్చుకుంటున్న కుర్రాడైనా చెప్తాడు. ఎందుకు జారుతోందన్నదే ఎవరికీ అంతుపట్టలేదు.

అందరికీ తోచిన జవాబు ఒకటుంది. అంతకుముందు వేసవిలో బండికి రీమ్యాప్ చేయించారు. ఇంజన్ టార్క్ పెరిగింది, కంపెనీ క్లచ్ తట్టుకోలేకపోతోంది, పెర్ఫార్మెన్స్ క్లచ్ వేస్తే సరి. వేయించారు. గట్టి స్ప్రింగున్న ప్రెషర్ ప్లేటు, సిరామిక్ ముక్కలు బిగించిన క్లచ్ ప్లేటు. కొన్నాళ్లు బాగానే లాగింది. తర్వాత మళ్లీ అదే వంతెన, అదే మధ్యాహ్నం, అదే జారుడు.

క్లచ్ ఎంత టార్క్ మోయగలదన్నది నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది: ప్లేటు మీది లైనింగ్ రాపిడి గుణం, స్ప్రింగు నొక్కే బలం, రాపిడి జరిగే ముఖాల సంఖ్య, ప్లేటు సగటు వ్యాసార్థం. కార్లలో ఇంజన్ గరిష్ఠ టార్క్ కన్నా 1.2 నుంచి 1.5 రెట్లు మోసేలా క్లచ్‌ను తయారు చేస్తారు. రీమ్యాప్ ఆ మిగులును కొంత తినేసి ఉండొచ్చు. కానీ కొత్త క్లచ్‌లో స్ప్రింగు బలమూ పెరిగింది, రాపిడీ పెరిగింది. అయినా జారిందంటే తప్పు లెక్కలో లేదు, ఇంకెక్కడో ఉంది.

మొదటి ఆధారం: వేడి

తిరుగు ప్రయాణంలో బస్తాల బరువుంటుంది కాబట్టి జారుతోందని బావగారి వాదన. ఓసారి ఖాళీ బండితో వచ్చాం. అయినా జారింది. ఇంకోసారి నిండా బరువేసుకుని తెల్లవారుజామునే వంతెనెక్కాం. జారలేదు. తేడా బరువుది కాదు, వేడిది. ఇంజనూ గేర్ బాక్సూ బాగా కాగాకే జబ్బు బయటపడుతోంది.

రెండో ఆధారం: పాత ప్లేటు

షెడ్డులో మూలన పడేసిన పాత ప్లేటును మేస్త్రి వెతికి తెచ్చాడు. లైనింగ్ రెండు వైపులా సమానంగానే అరిగింది. రివెట్ల తలలు ఇంకా లోతులోనే ఉన్నాయి. ఆయుష్షు తీరిన ప్లేటు కాదది. కాకపోతే పైభాగం అద్దంలా మెరుస్తోంది. అంటే చాలాకాలం జారుతూ కాలింది. నేరం చేసినది ప్లేటు కాదు, బలైనది ప్లేటు.

మూడో ఆధారం: పొడి పొడిగా బెల్ హౌసింగ్

గేర్ బాక్సు దించారు. క్లచ్‌కు నూనె తగిలినా జారుతుంది. ఫ్లైవీల్ వైపు నల్లటి నూనె కనిపిస్తే క్రాంక్ సీలు పోయినట్టు. గేర్ బాక్సు వైపు, గంధకపు ఘాటుతో గేర్ ఆయిల్ కనిపిస్తే ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు పోయినట్టు. ఇక్కడ రెండు వైపులా లైనింగ్ దుమ్ము తప్ప తడి లేదు. సీళ్ల మీది అనుమానం పోయింది. ఫ్లైవీల్ మీద మాత్రం అక్కడక్కడా నీలం మచ్చలు.

నాలుగో ఆధారం: నలిగిన బేరింగు

చిక్కుముడి ఇక్కడ వదులైంది. కొత్త క్లచ్‌తో పాటే వేసిన రిలీజ్ బేరింగు అప్పుడే గరగరమంటోంది. డయాఫ్రం స్ప్రింగు వేళ్ల కొసల మీద మెరిసే వలయం, దాని అంచున నీలం రంగు. కొన్ని బళ్లలో ఈ బేరింగు తేలిగ్గా ఆనుకునే ఉంటుంది, అది మామూలే. ఈ వేళ్లు మాత్రం గట్టి నొక్కుడుకు కాలాయి. అంటే కాలు తీసేశాక కూడా క్లచ్‌ను ఏదో నొక్కుతూనే ఉంది.

“పెడల్ మీద కాలుంచి నడుపుతున్నారేమోనండి?” అన్నాడు మేస్త్రి.

“ఆయ్, నేనా! వంతెన మీద కాలు తీసి మరీ చూశానయ్యా,” అన్నారు బావగారు.

ఐదో ఆధారం: బ్లీడ్ నిప్పిల్

అన్నీ బిగించి, బండిని కాగేదాకా తిప్పి, సరిగ్గా జారుతున్నప్పుడు ఆపారు. మేస్త్రి కిందికి దూరి స్లేవ్ సిలిండర్ మీది నిప్పిల్ కొంచెం వదులు చేశాడు. పెడల్ మీద ఎవరి కాలూ లేదు. అయినా ఫ్లూయిడ్ చివ్వున చిమ్మింది. నిప్పిల్ బిగించి మళ్లీ నడిపితే క్లచ్ గట్టిగా పట్టేసింది. దొంగ దొరికాడు.

పెడల్ వదిలాక మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి. అప్పుడే రిజర్వాయరుకు వెళ్లే సన్న రంధ్రం తెరుచుకుంటుంది. వేడికి వ్యాకోచించిన ఫ్లూయిడ్ అందులోంచి పైకి పోతుంది. పెడల్‌కు, పిస్టన్‌కు మధ్య ఉండే పుష్ రాడ్ అవసరానికి మించి పొడుగైతే పిస్టన్ ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. ఫ్లూయిడ్‌కు దారి ఉండదు. కాగేకొద్దీ స్లేవ్ సిలిండరును తోస్తుంది, అది బేరింగును నొక్కుతుంది, స్ప్రింగు పట్టు సడలుతుంది. మా బండి పెడల్‌ను వేలితో నొక్కి చూస్తే ఫ్రీ ప్లే ఇసుమంతైనా లేదు. పుష్ రాడ్ లాక్ నట్ పక్కన మరలు తుప్పు లేకుండా తళతళలాడుతున్నాయి.

దాన్ని తిప్పిందెవరు? పాత బిల్లులు తీస్తే తేలింది. రీమ్యాప్‌కూ మొదటి జారుడుకూ మధ్య ఒక చిన్న బిల్లుంది: ఫ్లూయిడ్, పెడల్ సెట్టింగ్. అప్పట్లో రివర్స్ గేరు గరగరలాడుతోందని బండిని ఒక షెడ్డుకు తీసుకెళ్లారు. స్లేవ్ సిలిండరు అరిగి లైనులోకి గాలి చేరింది. గాలి తీసి సిలిండరు మార్చాల్సిన చోట రాడ్ పొడిగించారు. గేరు పడింది, జారుడు మొదలైంది. గట్టి స్ప్రింగు కొన్నాళ్లు ఆ ఒత్తిడిని తట్టుకుంది కాబట్టి కొత్త క్లచ్ జబ్బును నయం చేసినట్టు కనిపించింది.

మందు తేలికే: కొత్త స్లేవ్ సిలిండరు, బ్లీడింగ్, మాన్యువల్ కొలత ప్రకారం ఫ్రీ ప్లే. సిరామిక్ ప్లేటునూ తీసేయించాం. కొండల్లేని కోనసీమలో క్లచ్‌కు అసలు పరీక్ష ఏటిగట్ల దగ్గర, పంటు రేవుల్లో. ఆటు సమయంలో సఖినేటిపల్లి రేవులో నీరు దిగి వాలు పెరిగినప్పుడు, హాఫ్ క్లచ్ మీద అంగుళం అంగుళం పాకించాలి. సిరామిక్ అలా మెల్లగా పట్టదు, పట్టేటప్పుడు బండిని కుదిపేస్తుంది. అందుకని గట్టి ప్రెషర్ ప్లేటు ఉంచి, ఆర్గానిక్ లైనింగ్ ప్లేటు వేశారు. ఫ్లైవీల్ ముఖాన్ని సాపు చేయించి, క్లీనరుతో తుడిచారు. స్ప్లైన్ల మీద గ్రీజు పల్చగా రాశారు. అలైన్‌మెంట్ టూలుతో ప్లేటును మధ్యలో నిలిపి, బోల్టులను ఎదురెదురుగా విడతలవారీగా బిగించారు. 800 కిలోమీటర్ల దాకా తొందరపెట్టకుండా నడపమన్నాడు మేస్త్రి.

క్లచ్ జారితే పెద్ద క్లచ్ కొనే ముందు మూడు పనులు చేయండి. చల్లగా ఉన్నప్పుడు, కాగాక పెడల్ ఫ్రీ ప్లే చూడండి. విప్పిన పాత సామాను తప్పక అడిగి తీసుకోండి. అంతకుముందు అక్కడ ఎవరు స్పానరు పెట్టారో బిల్లులు తిరగేసి చూడండి.